కారుణ్యమునకు బడలిక కలదా?

ఆంగ్లవైద్యపత్రికలనుండి మన దినపత్రికలలోనికి కొంతకాలముగా నొక క్రొత్తమాట వచ్చి చేరినది. రోగులకు దీర్ఘకాలము పరిచర్య చేయువారి హృదయము క్రమముగా మొద్దుబాఱుట, పరుల బాధ చూచినపుడు కన్ను తిప్పుకొనవలెనని తోచుట, ఇంటికి పోయినను ఆసుపత్రి వెంటాడుట, తుదకు తన వృత్తియందే తనకు రోత పుట్టుట - ఈ లక్షణముల మొత్తమునకు వారు పెట్టిన పేరును మనము 'కారుణ్యశ్రాంతి' యని తెనిగింపవచ్చును. ఈ పీడ మిక్కిలిగా కాన్సరు వైద్యులను బాధించుచున్నదని చెప్పుదురు. భాషయు సాహిత్యమును బోధించి పొట్ట పోసికొను నావంటివానికి వైద్యశాస్త్రముతో పని లేదు. కాని మాటతో పని కలదు. ఒక మాట తప్పుగా పుట్టినచో దాని వెంట తప్పు తలంపును, తప్పు తలంపు వెంట తప్పు నడతయు పుట్టును. కావున ఈ మాటను, దీనిని గూర్చి నేను చదివిన కొన్ని గ్రంథములను విమర్శించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. విమర్శకునకు తాటస్థ్యము వలెనందురు. నాకది పూర్తిగా లేదని ముందే ఒప్పుకొనుచు, అందుకు కారణమును మొదట విన్నవించెదను.

మాది మాడుగులపల్లి. నార్కట్‌పల్లినుండి అద్దంకికి పోవు పెద్దబాటమీద, మిర్యాలగూడకు ఇవతల నున్న ఊరు. సాగరు ఎడమకాలువ నీటితో వరి పండు ప్రాంతము. నా అక్కయ్యకు ఏబదియేడవ యేట రొమ్మున గడ్డ లేచెను. ఆమె దానిని ఎనిమిది నెలలు మాకు చెప్పలేదు. చెప్పునప్పటికి అది పుండై యుండెను. అప్పటినుండి ఏడాదిపాటు నెలకొక్కసారి తెల్లవాఱకముందే బయలుదేఱి, తిప్పర్తి, నల్లగొండ, చౌటుప్పలుల మీదుగా 100 కిలోమీటర్లకు పైబడిన ఆ దారిని హైదరాబాదుకు పోయి, పొద్దుగుంకిన పిదప తిరిగి వచ్చుట మాకు వ్రతమయ్యెను. ఏ ఆసుపత్రికి పోయితిమో, ఏ వైద్యుడు చూచెనో చెప్పుట ఇచట అనవసరము.

ఆ వైద్యునిపై నాకు మొదటినుండియు కోపము. ఆయన నలువదేండ్లవాడై యుండును. మొదటిసారి పోయినపుడు తల యెత్తి అక్కయ్యను చూచి పలుకరించెను. తరువాతి దర్శనములలో తల యెత్తుట మానెను. కాగితముల కట్టను చూచుచు, వ్రాయుచు, ఆ కాగితములతోనే మాటలాడినట్లు రెండు మాటలు చెప్పి పంపివేయుచుండెను. ఒకనాడు నేను ఆ గది తలుపు ఎన్నిసార్లు తెఱచికొనునో ఎన్నితిని. ఉదయము తొమ్మిదింటినుండి మధ్యాహ్నము రెండింటివఱకు ఎనుబదిమందికి పైగా లోనికి పోయి వచ్చిరి. అయిదుగంటలనగా 300 నిమిషములు. మనిషికి నాలుగు నిమిషములైనను రాలేదు. నేను ఈ లెక్కను ఆయనపై నేరముగా చేసితిని. మెట్లు దిగుచు అక్కయ్యతో, "ఎంత కఱకు మనిషి!" అంటిని. ఆమె మాటాడక కొంత దూరము నడచి, నిలిచి, "ఆ సారుకు పొద్దటిసంది ఎవలన్న మంచినీళ్లిచ్చిండ్రా తమ్మీ?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. ఆమె పోయి ఇప్పటికి రెండేండ్లు దాటినది. జవాబు వెదకికొనుటకే నేనీ పుస్తకములు చదివితినన్నను తప్పు లేదు.

మన సాహిత్యమున వైద్యునికి రెండే ముఖములు. ఒకటి నారాయణుని ముఖము: సాక్షాత్తు హరియే వైద్యుడై వచ్చునని మన పెద్దలు నమ్మిరి. రెండవది యముని ముఖము: యముడు ప్రాణమే తీయును, వైద్యుడు ప్రాణముతోపాటు ధనమును గూడ తీయునని చాటుకవులు వెక్కిరించిరి. మన కథలును, చలనచిత్రములును ఈ రెంటినే నేటికిని త్రిప్పి త్రిప్పి వాడుకొనుచున్నవి. కథానాయకునకు కాన్సరు వచ్చినచో, వైద్యుడు కళ్లద్దములు తీసి, గడువింత యని చెప్పి నిష్క్రమించును. అతడు గడువు చెప్పు గడియారము మాత్రమే. ఆ మాట చెప్పిన చేతులతో ఆ రాత్రి అతడన్నము ఎట్లు తినెనో, మఱునాడు అదే మాట మఱియొకరితో ఎట్లు చెప్పెనో ఎవ్వరు నడుగలేదు. దేవుడైనను, యముడైనను అలసిపోవుట యుండదు గదా! అలసిపోవునది మనిషి. వైద్యుని మనిషిగా చూపిన రచన మనలో అరుదు.

ఈ కొఱతను కొంతవఱకు తీర్చిన గ్రంథము, భారతదేశమున పుట్టి అమెరికాలో కాన్సరు వైద్యుడైన సిద్ధార్థ ముఖర్జీ ఆంగ్లమున వ్రాసిన 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్'. 2010లో వెలువడి, 2011లో పులిట్జరు బహుమానము పొందినది. సర్వవ్యాధుల చక్రవర్తి యని ఆ పేరునకర్థము. మన తెలుగువారు మానని పుండును ఏనాడో 'రాచపుండు' అనిరి గనుక, ఈ పట్టాభిషేకము మనకు క్రొత్తది కాదు. గ్రంథకర్త బోస్టను నగరమున కాన్సరు వైద్యమునందు శిక్షణ పొందుచున్న దినములలో దీనిని వ్రాయ మొదలుపెట్టెను. పుస్తకము ఒక రోగితో ఆరంభమగును. ఆమె ముప్పదియేండ్ల స్త్రీ, చిన్నపిల్లల బడిలో ఉపాధ్యాయిని. రక్తకాన్సరు సోకిన ఆమె మొగము, ఆమెకు ఆ సంగతి చెప్పవలసిన క్రొత్తవైద్యుని గుండె, రెండును మనకు కనబడును. నావంటి బడిపంతులు ఆ పుటలను ఊరక దాటిపోజాలడు.

తెలుగువారికి ఈ గ్రంథము మఱియొక విధమున ఆత్మీయము. భీమవరమున 1895లో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, హార్వర్డులోను పిదప లెడర్లీ ప్రయోగశాలలోను పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇందొక ముఖ్యపాత్ర. ఆయన ఆధ్వర్యమున తయారైన అమినోప్టెరిను అను మందునే బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తకాన్సరు సోకిన పసివారికి ప్రయోగించెను. అంతకుముందు ఫార్బరు ఫోలికామ్లజాతి మందు లిచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మాఱు విజృంభించెను. ఆ యపజయమునుండియే, ఫోలికామ్లమునకు విరోధియైన మందు వలెనన్న తలంపు పుట్టెను. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన ఫలితములనుబట్టి, పదునాఱుగురు పిల్లలలో పదిమందికి గుణము కనబడెను. రెండేండ్ల కవలలలో నొకడు, నడువలేనివాడు, లేచి నడచెను. కాని ఆ గుణము కొన్ని నెలలే నిలిచెను. తగ్గిన వ్యాధి మరల తిరుగబడి పిల్లలను తీసికొనిపోయెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరము ఆగస్టులోనే, ఏబదిమూడవ యేట కన్నుమూసిరి. ఆ మందునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని పసివారి రక్తకాన్సరు చికిత్సలో వాడబడుచు ప్రాణములు నిలుపుచున్నది.

ఇచట నొక్క క్షణము ఆగి ఆలోచింపుడు. చచ్చునను కొన్న బిడ్డ లేచి ఆడుకొనుట చూచి, తల్లితోపాటు తానును నవ్వి, కొన్ని నెలలకు ఆ బిడ్డనే శవముగా చూచుట - ఇది ఒక్కసారి కాదు, పదిసార్లు. పూర్వము ఈ వ్యాధియందు ఆశ లేదు గనుక ఆశాభంగమును లేదు. క్రొత్తమందు ఆశను తెచ్చి, దానితోపాటు ఆశాభంగమును గూడ వైద్యునికి నిత్యకృత్యముగా చేసెను. కాన్సరు వైద్యుని బడలిక సామాన్యవైద్యుని బడలికకంటె భిన్నమగుటకు మూలమిచట నున్నది. అతడు మృత్యువును చూచుటవలన మాత్రమే అలసిపోడు. మృత్యువును వాయిదా వేయించి, ఆ వాయిదాలలో రోగితో చుట్టఱికము కలుపుకొని, పిదప దానిని పోగొట్టుకొనుటచే అలసిపోవును. ముఖర్జీ ఈ సంగతిని చరిత్రరూపమున చూపుట ఆ గ్రంథమున కెల్ల గొప్పతనము.

ఐనను ఆ గ్రంథమందు నాకొక లోపము తోచినది. దాని కథనమంతయు యుద్ధపరిభాషపై నడచును. ఇది ముఖర్జీ సృష్టించినది కాదు. 1971లో అమెరికా అధ్యక్షుడు నిక్సను జాతీయకాన్సరుశాసనముపై సంతకము చేసినది మొదలు 'కాన్సరుపై యుద్ధము' అనుట అచట వాడుకయైనది. తానే కాన్సరు రోగియైన సూసను సాంటాగు 1978లోనే ఈ యుద్ధరూపకమును ఖండించుచు ఒక చిన్నగ్రంథము వ్రాసి, అది రోగికి చేయు కీడును చూపెను. ముఖర్జీ ఆమె వాదము నెఱుగనివాడు కాడు. ఎఱిగియు విడువలేకపోయెను. అది వైద్యునికి చేయు కీడును మనము చూడవలెను. చికిత్స యుద్ధమైనచో వైద్యుడు సైనికుడు. సైనికునికి జయాపజయములు రెండే. అపుడు ప్రతి మరణమును ఓటమియే. దినదినము ఓడిపోవు సైనికుడు ఎన్నాళ్లు నిలుచును? కొన్నాళ్లకు అతడు పోరు విడిచి పాఱిపోవును, లేదా తనకేమియు పట్టనట్లు కవచము తొడిగికొనును. నేను చూచిన ఆ వంచిన తల అట్టి కవచమే యైయుండునని నాకిపుడు తోచుచున్నది. మఱియు ఈ యుద్ధకథలో సేనాపతులు మిక్కుటముగా కనబడుదురు గాని, దాదులు, ఆయాలు, రోగి మంచముక్రింద చాపపై పడుకొను అక్కచెల్లెండ్రు, అన్నము డబ్బా పట్టుకొని వరండాలో నిలిచిన మగడు, వీరు తగినంతగా కనబడరు. కారుణ్యము దినదినము వ్యయమగునది ఎక్కువగా వీరిచేతులమీదుగానే.

కవచము తొడిగినవాని కథను రష్యా రచయిత చెఖోవు 1892లోనే వ్రాసెను. ఆయన స్వయముగా వైద్యుడు. 'ఆఱవ నంబరు వార్డు' అను ఆ కథలో రాగిను అను వైద్యుడు మొదట శ్రద్ధగా పనిచేసి, రోగుల సంఖ్య తఱుగకుండుట చూచి విసిగి, ఆసుపత్రికి పోవుట తగ్గించి, పుస్తకములు చదువుచు కాలము పుచ్చును. తన యుదాసీనతకు అతడొక వేదాంతమును గూడ కల్పించుకొనును: బాధ మనస్సునందున్నది, జ్ఞానికి చలియు వేడియు నొక్కటే యని. తుదకు అతనినే ఆ వార్డులో పడవేసి తలుపు మూసినపుడు, చలి యనగా నేమో, దెబ్బ యనగా నేమో తెలియును. మొదటి చదువునకు ఇది రాగినుపై తీర్పువలె తోచును. రెండవసారి చదివితిని. ఆ ఆసుపత్రిలో మందులు లేవు, శుభ్రత లేదు, ఉద్యోగులు దొంగలు, ఊరిపెద్దలకు పట్టదు. ఇంతటి నిస్సహాయతలో మంచివాడొకడు ఇరువదేండ్లుండినచో ఏమగునో చెఖోవు చూపినాడు. రాగిను వేదాంతము తప్పే. కాని ఆ తప్పునకు తల్లి అతని క్రూరత్వము కాదు, అతని యేకాకిత్వము.

ఇపుడు మన సంస్కృతగ్రంథములు ఈ విషయమున నేమి చెప్పినవో చూతము. చరకసంహిత సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయమున వైద్యవృత్తి నాలుగు విధములని యున్నది: ప్రాణులయందు మైత్రి, ఆర్తులయందు కారుణ్యము, సాధ్యరోగమున్నవారియందు ప్రీతి, ప్రకృతిస్థులయందు ఉపేక్ష. ఇచట ప్రకృతిస్థులనగా మరణాసన్నులని వ్యాఖ్యాతలు చెప్పిరి. ఉపేక్ష యను మాట నేటి తెలుగున నిర్లక్ష్యమను అర్థమున స్థిరపడినది. కనుక ఈ వాక్యము చదివినవారికి చచ్చువారిని విడిచివేయుమని ఋషి చెప్పినట్లు తోచును. తరువాతి అధ్యాయమందు, అసాధ్యరోగమునకు చికిత్స చేసిన వైద్యునకు ధనమునకును, విద్యకును, కీర్తికిని హాని కలుగునని హెచ్చరిక గూడ నున్నది. ప్రాచీనులపై భక్తి యెంతయున్నను ఈ హెచ్చరికను మనము నేడు శిరసావహింపరాదు. కీర్తికి భంగమని చచ్చువాని గడప తొక్కకుండుట ధర్మము కాదు.

కాని ఉపేక్ష యను మాటకు మఱియొక యింటను అర్థము కలదు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అను నాలుగు భావనలు యోగశాస్త్రమునందును, బౌద్ధమునందును ప్రసిద్ధములు. సూర్యాపేట సమీపమున ఫణిగిరి కొండపైనను, కృష్ణయొడ్డున నాగార్జునకొండపైనను విహారములు కట్టిన భిక్షువులు ఈ నాల్గింటినే అభ్యసించియుందురు. అయిదవ శతాబ్దివాడగు బుద్ధఘోషుడు తన విశుద్ధిమార్గమున ఈ భావనల కొక్కొక్కదానికి ఇద్దఱు శత్రువులను చెప్పినాడు: దూరపు శత్రువొకడు, దగ్గఱి శత్రువొకడు. కరుణకు దూరపు శత్రువు హింస. అది అందఱును గుర్తింపగలరు. దగ్గఱి శత్రువు శోకము. అది కరుణవలెనే కనబడుచు కరుణను తినివేయును. ఉపేక్షకు దగ్గఱి శత్రువు, అజ్ఞానముతో కూడిన పట్టనితనము. అదియు ఉపేక్షవలెనే కనబడును. నిజమైన ఉపేక్ష యనగా విడుచుట కాదు. సమచిత్తముతో ప్రక్కన నిలుచుట.

ఈ విభాగము నాకు దీపమైనది. రోగి దుఃఖమును తన దుఃఖముగా చేసికొని మునిగిపోవు వైద్యుడు కరుణ ననుసరించుచున్నానని తలచి శోకమున చిక్కును. దానినుండి తప్పించుకొనబోయి పట్టనితనమున పడి, దానినే నిశ్చలత యని తలచును. 1889లో అమెరికాలో విలియము ఆస్లరు వైద్యవిద్యార్థులకు చేసిన ప్రసిద్ధోపన్యాసమున నిశ్చలతయే వైద్యునికి ప్రథమగుణమని బోధించెను. అది సదుద్దేశముతో చేసిన బోధయే. కాని నిశ్చలతకును పట్టనితనమునకును గల గీటు ఎచట నున్నదో చూపకుండ నిశ్చలతను మాత్రమే బోధించినచో, శిష్యులు సులభమైన దానినే పట్టుకొందురు.

ఆధునికులు ఈ పీడను కొలిచి చూచిరి. 'కారుణ్యశ్రాంతి' యను మాటను 1992లో జాయిన్సను అను ఆమె దాదుల విషయమున వాడినది. 1995లో ఫిగ్లీ దానిని గ్రంథస్థము చేసెను. 1991లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశీలనలో, జవాబిచ్చిన కాన్సరు వైద్యులలో నూటికి 56 మంది తాము వృత్తిలో కాలి బూడిదైనట్లున్నామని చెప్పిరి. 2014లో ప్రకటింపబడిన మఱియొక దానిలో ఆ సంఖ్య నూటికి 45కు దగ్గఱగా నుండెను. ఆ నడుమ ఎన్నో క్రొత్తమందులు వచ్చినను, ప్రతి ఇద్దఱిలో ఇంచుమించుగా నొకరు ఇంకను అలసియే యున్నారు. ఇక జర్మనీలో తానియా సింగరు, ఓల్గా క్లిమెకీ అను పరిశోధకురాండ్రు మనుష్యుల మెదడులను పరీక్షించి చూచిరి. పరుని బాధను తనలో అనుభవించుట నేర్పినపుడు మనస్సున దుఃఖభావములు హెచ్చెను. అతనికి మేలు కలుగవలెనను భావన నేర్పినపుడు స్నేహభావములు హెచ్చెను. మెదడున పనిచేయు భాగములును వేఱుగా కనబడెను. బుద్ధఘోషుడు పదునైదు శతాబ్దులకు పూర్వము చెప్పినదియు ఇదియు ఒక్కటే యని నేననను. కాని రెండును ఒకే దిక్కునకు వ్రేలు చూపుచున్నవి. అలసిపోవునది కారుణ్యము కాదు. కారుణ్యము నిలుచుటకు చోటు దొరకక శోకముగా మాఱినపుడు, ఆ శోకము అలసిపోవును. కాబట్టి 'కారుణ్యశ్రాంతి' యను మాట తప్పుమాట. ఆ మాట వైద్యునితో, నీకు దయ యెక్కువై జబ్బు చేసినది, కొంచెము తగ్గించుకొమ్మనుచున్నది. ఇంతకంటె చెడ్డ సలహా యుండదు.

మఱి చోటు ఎందుకు దొరకలేదు? ప్రపంచారోగ్యసంస్థ తన క్రొత్త వ్యాధిపట్టికలో వృత్తిదహనమును రోగముగా గాక, పని జరుగు చోటున పుట్టు అవస్థగా చేర్చినది. కారణము వైద్యుని మనస్సులో గాక పని యేర్పాటులో వెదకుడని దాని తాత్పర్యము. చరకుని అధ్యాయమే ఇచటను అక్కఱకు వచ్చును. ఆ తొమ్మిదవ అధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నాలుగుకాళ్ల మంచమును ఒక కాలిపై నిలిపినచో ఆ కాలు విఱుగును. దానికి కాలి బలహీనతయే కారణమనుట అన్యాయము. మన రాష్ట్రమున కాన్సరునకై ప్రభుత్వముచే నడపబడు పెద్ద ఆసుపత్రి, హైదరాబాదులో 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ సంస్థ. 2000లో బసవతారకముగారి పేర మఱియొకటి తెఱువబడినది. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిదప, పూర్వము ఇంటనే చచ్చు పేదవారు ఆసుపత్రివఱకు రాగలిగిరి. ఇది గొప్ప మేలు. కాని రోగులు పెరిగినట్లు వైద్యుల చేతులు పెరుగలేదు. దీనికి తోడు మనవారు వచ్చుటయే ఆలస్యముగా వత్తురు. నా అక్కయ్య ఎనిమిది నెలలు దాచినట్లు, ప్రతి యూర నొక అక్కయ్య దాచుచున్నది. స్త్రీ తన రొమ్మును గూర్చి మాటాడుట సిగ్గని నేర్పిన వారము మనమే. బాగుచేయదగిన దినములను మనము సిగ్గునకు ధారపోసి, బాగుచేయరాని దినమున రోగిని వైద్యుని ముందు పెట్టి, అద్భుతము చేయుమందుము. చేయలేకపోయినచో అతనిపై చేయి చేసికొనువారును కలరు. అట్టివారికొఱకు 2008లో ప్రత్యేకశాసనమే చేయవలసి వచ్చినది.

ఇక నొక్క సంగతి చెప్పవలసియున్నది. దానిని చెప్పకున్న ఈ వ్యాసము అబద్ధమగును. రెండవసారి ఆసుపత్రికి పోయినపుడు నేను ఒంటిగా ఆ వైద్యుని గదిలోనికి పోయి, చేతులు జోడించి, "అక్కయ్యకు ఈ రోగము పేరు చెప్పవద్దు, తగ్గుననియే చెప్పుడు" అని బతిమాలితిని. ఆయన మొదట ఒప్పుకొనలేదు. ఆమె బుద్ధిమంతురాలు, ఆమెకు తెలిసికొను హక్కు కలదనెను. నేను వదలలేదు. అప్పటినుండియే ఆయన ఆమె ముందు తల యెత్తుట మానెను. ఈ రెండు సంగతులు ఒకదాని వెంట నొకటి జరిగినవని నాకు చాలకాలమునకు గాని తట్టలేదు. కారణము అదియేనని రూఢిగా చెప్పజాలను. కాని ఎనుబదిమందిలో ఎందఱి చుట్టములు నావలె చేతులు జోడించి ఆ మనిషిచేత అబద్ధమాడించిరో లెక్కించినచో నాకు భయమగును. కన్నులలోనికి చూచి అబద్ధమాడుట కష్టము. కాగితములోనికి చూచి ఆడుట సులభము. నేను కఱకుదనమన్నది బహుశః ఆయనయందు మిగిలిన సత్యసంధతయే యైయుండును. చరకుడు రోగికి చెప్పిన గుణములలో, భయము లేకుండుటయు, తన రోగమును తానే తెలుపగలుగుటయు నున్నవి. అక్కయ్యకు ఆ రెండును ఉండెను. వానిని ఆమెనుండి నేను లాగికొంటిని. చివరి నెలలో ఆమె, "నాకంత ఎరుకే తమ్మీ, నువ్వే భయపడుతున్నవ్" అనెను.

చోటు కల్పించిన వారిని గూడ తలచికొనవలెను. ముత్తులక్ష్మీరెడ్డిగారి పేరు సంస్కరణాభిలాషులకు క్రొత్త కాదు. దేవదాసీ దురాచారమును రూపుమాపుటకు మద్రాసు శాసనసభలో పోరాడిన మహనీయురాలు. ఆమె చెల్లెలు 1923లో కాన్సరుతో మరణించెను. ఆ శోకమున ఆమె మునిగిపోలేదు. ముప్పదియేండ్లు పట్టు విడువక, 1954లో అడయారులో కాన్సరు సంస్థను నెలకొల్పెను. 1955లో ఆ సంస్థలో చేరిన డాక్టరు శాంత, 2021లో మరణించువఱకు అదియే తన యిల్లుగా జీవించెను. ఒక జీవితకాలము కాన్సరు రోగుల నడుమ నుండియు కారుణ్యము ఎండిపోలేదనుటకు ఆమెయే తార్కాణము. కాని ఆమెను ఉదాహరించి ప్రతి వైద్యుని అట్లుండుమనుట న్యాయము కాదు. మహాత్ములు దొరకుదురను నమ్మకముపై ఆసుపత్రులను కట్టరాదు. సామాన్యులు మంచివారుగా మిగులునట్లు ఏర్పాట్లు చేయవలెను. లండనులో సిసిలీ సాండర్సు 1967లో స్థాపించిన శరణాలయమునందు, చచ్చువాని బాధ శరీరమునదే కాదు, మనస్సుది, కుటుంబముది గూడ నని గుర్తించి, ఆ భారమును పలువురు పంచుకొను పద్ధతి నేర్పిరి. నొప్పి తగ్గించు మార్ఫీను మందు దొరకుట మనదేశమున 1985 నాటి శాసనముచే దుర్లభమై, 2014 సవరణతో కొంత సులభమైనది. కన్నుల ముందు రోగి మూలుగుచుండ చేయి కట్టుకొని నిలుచుటకంటె వైద్యుని కృంగదీయునది లేదు. బోస్టనులో కెన్నెత్ స్వార్ట్జు అను న్యాయవాది కాన్సరుతో 1995లో మరణించుచు, తనకు పరిచర్య చేసినవారి దయ నిలుచుటకు సొమ్ము విడిచెను. దానితో 1997 మొదలు అచటి ఆసుపత్రిలో వైద్యులు, దాదులు ఒకచోట కూర్చుండి, తమ మనస్సులోని బరువును ఒకరితో నొకరు చెప్పుకొను సభలు జరుగజొచ్చినవి. రాగినుకు కఱవైనది ఇట్టి సభయే.

ఈ విమర్శ వైద్యులను మాత్రమే ఉద్దేశించినది కాదు. నేను బడిపంతులునై ఇరువదేండ్లు దాటినది. మొదటి సంవత్సరములలో ఒక పిల్లవాడు వారము రాకున్న, వాని యింటికి పోయి అడుగుచుంటిని. ఇప్పుడు హాజరుపట్టీలో సున్న చుట్టి పుట త్రిప్పుచున్నాను. నా వంచిన తలను చూచి ఏ తండ్రి యేమనుకొనునో! ఊరి వైద్యుడు, గుమాస్తా, అంగనవాడి కార్యకర్త, ముసలి అత్తమామలకు ఏండ్లతరబడి చాకిరి చేయు కోడలు, వీరందఱును ఈ యెండలోనే నడచుచున్నారు. వారి కఱకుదనమును చూచినపుడు, మనలో ఎవ్వరమును వారికి నీళ్లిచ్చితిమా యని మొదట అడుగుకొనవలెను.

పాఠకమహాశయులు ఇంటివద్ద చేయగలవి కొన్ని కలవు. గడ్డ తగిలిన నాడే స్త్రీ నోరు విప్పునట్లు ఇంట మాటాడుట; రోగికి తన రోగము తెలియనిచ్చుట; వైద్యునిచేత మన పిఱికితనమును మోయింపకుండుట; చికిత్స ముగిసిన పిదప, రోగి బ్రదికినను పోయినను, ఆ కబురును ఆయనకు ఒక కార్డుముక్కమీద వ్రాయుట. అక్కయ్య పోయిన మూడవ నెలలో నేనొక ఉత్తరము వ్రాసితిని. ఆమె ఏనాడు పోయినదో, చివర నొప్పి లేకుండ పోయినదనియు, ఆమె అడిగిన ప్రశ్న యేదో అందు వ్రాసి, ఆయనచేత అబద్ధమాడించినందుకు క్షమింపుమని వేడితిని. పదునైదు దినములకు జవాబు వచ్చెను. ఆమె గది దాటునపుడు ప్రతిసారియు తిరిగి చూచి నవ్వెడిదని, ఆ నవ్వునకు తాను జవాబుగా నవ్వలేకపోయితినని ఆయన వ్రాసెను. ఆయన తల యెత్తలేదని నేననుకొంటిని. ఎత్తినపుడు నేను చూడలేదు.